ఒకే ఆట, నూరు ఫోన్లు

(లక్డీకాపూల్‌లో చేసిన స్మారకోపన్యాసం)



మనకి జావా నేర్పిన మాస్టారి మంచితనం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. అమీర్‌పేటలో ఆయన చెప్పిన పాఠాల్లో ఆయనకి బాగా ఇష్టమైనదొకటి ఉండేది. బుల్లి ఫోన్లలోకి ఆటల్ని ఎక్కించే విద్య. నేను ఆ విద్య చరిత్రే చెబుతాను. మొబైల్ ఆటల చరిత్ర ఎవరు రాసినా ఆటల పేర్లుంటాయి, కంపెనీల పేర్లుంటాయి. ఆటని ఫోను ఫోనుకీ సరిపెట్టినవాళ్ళ పేర్లు మాత్రం కనిపించవు. వాళ్ళలో చాలామంది మన ఊళ్ళో పనిచేసినవాళ్ళే. ఆట తయారుచేయడం ఒక కష్టమైతే, దాన్ని పది రకాల ఫోన్లలో నిలబెట్టడం పదింతల కష్టం. ఆ కష్టం యంత్రాల వల్ల కన్నా వ్యాపారం వల్లే ఎక్కువ వచ్చిందని నా అభిప్రాయం.

ఇక్కడికి కూతవేటు దూరంలో టెలిఫోన్ భవన్ ఉంది. ల్యాండ్‌లైన్‌కి అర్జీ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీకి చేశారు. అప్పట్లో మనకొచ్చే కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. మోగిన ఫోను ఎత్తడానికే జంకే రోజుల్లో ఆటలెవరాడతారు అనుకోవచ్చు. కానీ తెగ ఆడారు. ఫోన్‌తో చేసే పనుల్లో బిల్లు రానిది అదొక్కటే మరి! 1997లో నోకియా 6110లో వచ్చిన పాము ఆట, తనేలి అర్మాంటో అనే ఇంజినీరు రాసినది, తర్వాత 3310లో మన ఇళ్ళలోకి వచ్చింది. 84 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు ఉన్న తెర. నలుపు, లేదంటే ఖాళీ. ఆ పాము ఫోన్‌తోపాటే పుట్టింది కాబట్టి పోర్టింగ్ అనే బాధ, అంటే ఒక ఫోను ఆటని ఇంకో ఫోనుకి సరిపెట్టే బాధ, దానికి లేదు.

బాధ జావాతో మొదలైంది. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందని సన్ మైక్రోసిస్టమ్స్ 1995 నుంచీ ప్రచారం చేసింది. ఫోన్ల కోసం కుదించిన జావాకి జే2ఎంఈ అని పేరు పెట్టారు. 2000లో దానికి ఎంఐడీపీ 1.0 అనే ప్రమాణం వచ్చింది. కాగితం మీద చక్కగానే ఉంది. అయితే ఆటలకి ప్రాణమైనవి అందులో లేవు. తెర మొత్తాన్ని వాడుకునే దారి లేదు. సంగీతం లేదు. బొమ్మని అద్దంలోలాగా తిప్పి గీసే సదుపాయం లేదు. కుడివైపు పరిగెత్తే వీరుడు ఎడమవైపు పరిగెత్తాలంటే ఇంకో బొమ్మల వరస పెట్టాల్సిందే.

ఈ ఖాళీల్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా పూడ్చుకుంది. నోకియా ఫుల్ స్క్రీన్‌కీ, బొమ్మ తిప్పడానికీ తన సొంత లైబ్రరీ ఇచ్చింది. శామ్‌సంగ్ ధ్వనికి, వైబ్రేషన్‌కి తన దారి తను చూసుకుంది. మోటరోలా, సీమెన్స్ కూడా అంతే. పక్కవాడి ఫోన్‌లో లేనిది తన ఫోన్‌లో ఉందని చెప్పుకోకపోతే వాళ్ళకి అమ్మకాలు లేవు. అందరి ఫోన్లలో ఒకేలా నడిచే ఆట వల్ల ఏ ఒక్కరికీ లాభం లేదు. ఎక్కడైనా నడిచే జావా అక్కడే కుంటుపడింది.

మీటల సంగతి చూడండి. తెర కింద ఎడమ మూల ఉండే సాఫ్ట్ కీ నొక్కితే నోకియా మైనస్ 6 అనే అంకె పంపేది. సీమెన్స్ మైనస్ 1 పంపేది. చాలా మోటరోలాల్లో అది మైనస్ 21. ప్రమాణంలో ఆ మీటకి అంకె ఖరారు చేయకుండా వదిలేశారు. ఆ పట్టికని మాస్టారు జిరాక్స్ తీయించి బ్యాచ్‌లో అందరికీ పంచేవారు. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల జిరాక్స్ కాగితం విలువ తెలియనివాళ్ళు ఉండరు కదా!

తెరల సంగతి ఇంకా ఘోరం. నోకియా 7210కి 128 బై 128. సోనీ ఎరిక్సన్ టీ610కి 128 బై 160. నోకియా 6600కి 176 బై 208. నోకియా 6230 తెర 128 బై 128 అయితే, పేరు చివర ఒక్క ‘ఐ’ చేర్చిన 6230ఐ తెర 208 బై 208. చుక్కల లెక్కన రెండున్నర రెట్లు దాటింది. బొమ్మలు సాగదీస్తే గళ్ళుగళ్ళుగా పగిలిపోతాయి. వదిలేస్తే ఆట తెర మధ్యలో తపాలా బిళ్ళలా కూర్చుంటుంది. మళ్ళీ గీయాల్సిందే.

ఇక జాగా. తొలితరం సిరీస్ 40 నోకియాల్లో ఆట ఫైలు, అంటే జార్, 64 కిలోబైట్లు దాటితే ఎక్కదు. కోడు, బొమ్మలు, పాట, సహాయ పాఠం అన్నీ కలిపి అంతే. ఒక పీఎన్‌జీ బొమ్మలో ఒక్క చుక్క కూడా గీయకముందే ఫైలు సంతకానికి 8 బైట్లు, కొలతల వివరాలకి 25, ముగింపుకి 12 పోతాయి. రంగుల పట్టిక వేరే. ఇరవై చిన్న బొమ్మలుంటే ఈ ఖర్చు ఇరవైసార్లు. అందుకని అన్నిటినీ ఒకే పెద్ద బొమ్మలో పక్కపక్కనే అతికించి, కావాల్సిన ముక్కే కనిపించేలా కత్తిరించుకుని గీసేవారు. జావా కోడుని విడగొట్టి రాసే క్లాసుల పేర్లు కూడా ఫైల్లో జాగా తింటాయి. 2002లో వచ్చిన ప్రోగార్డ్ లాంటి పనిముట్లు వాటిని ‘ఏ’, ‘బీ’ అని కుదించేవి. ఒక్కో క్లాసుకీ విడి ఖర్చుంది కాబట్టి మొత్తం ఆటని రెండు మూడు క్లాసుల్లోకి కుక్కడం మామూలైపోయింది. పొద్దున బ్యాచ్‌కి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి గొప్పతనం నూరిపోసిన మాస్టారే సాయంత్రం ఫోన్ బ్యాచ్‌లో ‘అదంతా మర్చిపోండి, అన్నీ ఒకే క్లాసులో వెయ్యండి’ అనేవారు. వెనక బెంచీల్లో నవ్వు ఆగేది కాదు.

ఎంఐడీపీకి పునాది అయిన సీఎల్‌డీసీ 1.0లో దశాంశ సంఖ్యలే లేవు. బంతి గాల్లో వంపు తిరగాలంటే సైన్ విలువ కావాలి. దాన్ని 256తో గుణించి పూర్ణాంకంగా పట్టికలో పెట్టుకునేవారు. సున్నా నుంచి 90 డిగ్రీల దాకా 91 అంకెలు చాలు. మిగతా మూడు పాదాలూ గుర్తు మార్చుకుంటే, వెనక్కి చదువుకుంటే వచ్చేస్తాయి. ఎంసెట్ రాసిన ప్రతివాడికీ తెలిసిన త్రికోణమితే.

తెలుగు ఆటలు ఎందుకు రాలేదని అడిగేవాళ్ళకి ఒక మాట. ఆ తొలి రంగుల ఫోన్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే లేవు. ‘ఆట ముగిసింది’ అని చూపించాలంటే బొమ్మగా గీసి పెట్టాలి. ఒత్తులు, గుణింతాలతో అక్షరాల బొమ్మలన్నీ పెడదామంటే ఆటకే జాగా మిగలదు. అలా మన ఆటలు ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. భాషాభిమానం లేక కాదు, బైట్లు లేక.

మన దగ్గర ఈ పనికి ఊపు 2003లో వచ్చింది. రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతికిచ్చింది. ఇన్‌కమింగ్ ఉచితమైంది. యాభై, వంద రూపాయల ఆటలు ఆపరేటర్ల దుకాణాల్లోకి చేరాయి. ఆ అమ్మకంలో పెద్ద వాటా ఆపరేటర్‌దే. విశ్వనాథ్ అల్లూరి 1999లో స్థాపించిన ఐఎంఐమొబైల్, ఆపరేటర్ల వెనక ఈ సరుకు నడిపించే వ్యవస్థల్ని హైదరాబాద్ నుంచే కట్టింది. 2021లో సిస్కో దాన్ని కొనేసింది. మారుతి శంకర్ గారి సెవెన్ సీస్ ఇక్కడ సొంత ఆటలు చేసింది. ఫ్రాన్స్ నుంచి గేమ్‌లాఫ్ట్, అమెరికా నుంచి ఈఏ మన నగరంలో స్టూడియోలు పెట్టాయి. ఒక్క ఆటని వందల మోడళ్ళకి మార్చాలంటే ఓపికా, చేతులూ కావాలి. జావా వచ్చిన కుర్రాళ్ళు అమీర్‌పేట గల్లీల్లో బారులు తీరి ఉన్నారు. లెక్క కుదిరింది. దీన్ని మేధస్సుకి దక్కిన గౌరవంగా ఈమధ్య కొందరు చెబుతున్నారు. నేనంత దూరం వెళ్ళను. చవగ్గా దొరికాం కాబట్టి వచ్చారు. వచ్చాక మనవాళ్ళు ఆ పనిలో ఆరితేరారు. రెండూ నిజమే.

ఇక పరీక్షించడం. కంప్యూటర్‌లో ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌ని నమ్మితే మునిగినట్టే. అసలు ఫోన్ చేతిలో ఉండాలి. కొత్తవి కొనే స్తోమత లేని చిన్న టీములు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ హ్యాండ్‌సెట్లు వెతుక్కునేవి. ఆట మధ్యలో కాల్ వస్తే ఆట ఆగాలి. కొన్ని ఫోన్లు ఆ సంగతి ఆటకి చెప్పేవే కావు. కాల్ మాట్లాడి వచ్చేసరికి వీరుడు చచ్చిపడి ఉండేవాడు. దీన్ని పరీక్షించడానికి ఒకడు ఆడుతుంటే, పక్కనున్నవాడు మిస్డ్ కాల్ ఇస్తూ కూర్చునేవాడు. దేశమంతా డబ్బు మిగుల్చుకోవడానికి వాడిన మిస్డ్ కాల్, ఇక్కడ ఉద్యోగం. ఇంకోటి. జార్‌కి తోడుగా వెళ్ళే జాడ్ అనే చీటీలో ఫైలు సైజు రాసి ఉండాలి. ఒక్క బైటు తేడా వచ్చినా ఫోను 904 అనే కోడుతో తిప్పికొట్టేది. రాత్రంతా పనిచేసి చివరి నిమిషంలో ఒక బొమ్మ మార్చి, చీటీ మార్చడం మర్చిపోయినవాళ్ళు ఇక్కడ ఎందరున్నారో చేతులెత్తక్కర్లేదు, మొహాలు చూస్తే తెలుస్తోంది.

ఎంఐడీపీ 2.0 ఫుల్ స్క్రీన్, ధ్వని, బొమ్మ తిప్పడం అన్నీ ప్రమాణంలోకి తెచ్చింది. దాని పత్రం 2002 నవంబరులోనే సిద్ధం. కానీ పాత ఫోన్లు జేబుల్లోనే ఉన్నాయి. వాటినీ వదులుకోలేక రెండు రకాల బిల్డులూ ఏళ్ళ తరబడి నడిచాయి. 2008 జూలైలో యాపిల్ యాప్ స్టోర్ తెరిచాక పడమటి దేశాల్లో జావా ఆటల వెలుగు తగ్గింది. మన దగ్గర నోకియా ఆశా ఫోన్ల పుణ్యమా అని ఇంకొన్నేళ్ళు బతికింది.

ఇప్పుడు ఆ జార్‌లని ఎమ్యులేటర్లలో దాచుకునే అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళు దాచేది ఆటని. ఒకే ఆటకి మనవాళ్ళు చేసిన వేర్వేరు బిల్డులు, వాటి పక్కన రాసుకున్న దోషాల చిట్టాలు, మీటల పట్టికలు దాచినవాళ్ళు తక్కువ. మీలో ఎవరి పాత హార్డ్ డిస్కుల్లోనైనా అవి ఉంటే, యజమానుల అనుమతి అడిగి, నిర్వాహకులకి ఒక కాపీ ఇవ్వండి. ఫోన్లు ఇచ్చేవాళ్ళు ఛార్జర్ కూడా ఇవ్వండి. నోకియా అయితే లావు పిన్నో సన్న పిన్నో చూసుకుని మరీ ఇవ్వండి.