నిద్ర పట్టకపోవడానికి మూలమెక్కడ?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులము కాము, బడిపంతుళ్ళము. అయినా పిల్లల చదువు సంగతి అడగవచ్చినవారు "మాస్టర్ సాబ్, రాత్రంతా కన్ను మూతపడదు" అని చెప్పుకుంటుంటారు. అందుకే తెలిసినంత మనవి చేస్తున్నాము.

నిద్రలేమి చాలామందిలో జ్వరం వంటిది. వెనుక ఇంకేదో ఉంటుంది. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇదే వరస అయితే అది దీర్ఘకాలికమన్నమాట. అప్పుడు వెతకవలసింది మాత్రను కాదు, కారణాన్ని.

మన ఇండ్లలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. పక్కమీద వాలగానే కాళ్ళలో ఏదో పాకినట్లు, లాగినట్లు ఉంటుంది. కదిలిస్తే గాని ఊరుకోదు. "కాళ్ళు కాస్త పిసుకు బేటీ" అంటారు తల్లులు, పని అలసట అనుకుంటారు. ఇది చాలాసార్లు ఒంట్లో ఇనుము తక్కువై వచ్చే బాధ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏండ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉన్నది. హిమోగ్లోబిన్ బాగున్నా సరే, ఫెర్రిటిన్ పరీక్ష అడగండి. అది 75 దాటకపోతే ఈ బాధకు డాక్టర్లు ఇనుము ఇవ్వడం ఆలోచిస్తారు. అన్నం తింటూనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు.

ఇక మగవారి గురక. మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే ఆ సంగతి ఆయనకు తెలియదు, భార్యే డాక్టరుకు చెప్పాలి. అటువంటివారికి నిద్రమాత్ర మరింత కీడు చేయవచ్చు. థైరాయిడు, ఆయాసం, షుగరు కూడా నిద్ర చెడగొడతాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చి దిగులు కమ్ముకుంటే మనోవైద్యుని వద్దకు పోవడానికి సిగ్గెందుకు?

సాయంత్రం ఆరింటి చాయ్‌లోని కెఫీన్ సుమారు సగం పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుంది. ఇరానీ హోటళ్ళవారు మమ్మల్ని క్షమించాలి!

ఆల్ప్రజోలం వంటివి చీటీ లేకుండా అమ్మరాదు. 2014 నుండి అమ్మినవి దుకాణంవారు రిజిస్టరులో రాయాలి కూడా. అయినా ఎందరో ఏండ్ల తరబడి మింగుతున్నారు. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందుగా మాత్రలు లేని అలవాట్ల చికిత్స చేయాలని అమెరికా వైద్యుల కాలేజీ 2016లో సూచించింది. రోజూ ఒకే వేళకు లేవడం, ఇరవై నిమిషాలైనా నిద్ర రాకుంటే పక్క దిగి కూర్చోవడం అందులోనివే. ఇప్పటికే మాత్ర వాడుతున్నవారు మాత్రం మా మాట విని ఇవాళే మానేయకండి. డాక్టరు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.