దొంగకు లేని యెల్ల కాపరికేల?

(ఆత్మకూరు పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



మన ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు పడమటిగోడ వెలిగొండ. ఈవల నెల్లూరు, ఆవల కడప. ఈ కొండలను గలుపుకొని తూర్పుకనుమల దక్షిణభాగమున దక్క ఎఱ్ఱచందనము లోకమున మఱెక్కడను సహజముగా బెరుగదు. వన్యజాతుల వర్తకమును గట్టుపఱచు అంతర్జాతీయపు టొడంబడిక 1995లో ఈ వృక్షమును తన రెండవ పట్టికయందు జేర్చినది. అయినను గొడ్డలి యాగలేదు.

ఈ చౌర్యము నడచు తీరు చూడుడు. నఱకువాడు తఱచుగా తమిళదేశపు కొండపల్లెల బీదకూలి. మోయువా డొకడు, బండి తోలువాడు వేఱొకడు, దొంగపేరుతో ఓడకెక్కించువాడు మఱియొకడు, కొనువాడు సముద్రమున కావలనుండును. ఒకరి నొకరు ఎఱుగకున్నను సరకు చేరును. మన కాపరులకో, ఒక్కొక్కరి కొక్కొక్క గీటు: అటవీశాఖకు అడవి, పోలీసులకు జిల్లా, సుంకపుశాఖకు రేవు.

2013 డిసెంబరులో శేషాచలమున ఇద్దఱు అటవీయుద్యోగులు హతులైరి. 2015 ఏప్రిలు 7న అచ్చటనే కాల్పులలో 20 మంది తమిళకూలీలు మడిసిరి. రెండుమాఱులును నెత్తు రొలికినది కొలువుగాండ్రది, కూలీలది. లాభము దిను షాహుకారు ఆ కొండపై లేడు.

కలసి పనిచేసిన ఫలమేమో అదే యేడు తెలిసినది. దేశము విడిచిన కడపసీమ నిందితు డొకడు ఇంటర్‌పోలు తాఖీదుపై మారిషసు ద్వీపమున జిక్కి, నవంబరులో ఇచటికి దేబడెను. వాని దోషమును తేల్చవలసినది న్యాయస్థానము. కాని సముద్రమున కావల సాధ్యమైనది వెలిగొండ కావల అసాధ్యమా?

చట్టములకు గొఱత లేదు. దేశాంతర నేరముల నణచుటకై 2000లో ఐక్యరాజ్యసమితి చేసిన యొడంబడికను భారతము 2011లో ధ్రువపఱచినది. మనము కోరవలసినది ఒక్కటే: పట్టుబడిన ప్రతి దుంగకును ఒక్కటే దస్త్రము. బండిసంఖ్య, ఫోనుసంఖ్య, డబ్బు వచ్చిన ఖాతా, ఇవి ఆనాడే కడపకును, తమిళనాటికిని, రేవునకును అందవలెను. కూలిని చెఱకు బంపి దస్త్రము కట్టివేసినచో మఱునాడు వేఱొక కూలి వచ్చును.

ఇక మన వంతు. దారి చూపువాడును, రాత్రికి తోటలో దుంగ దాచువాడును పరదేశి కాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. పొరుగువాడు నోరు విప్పినచో పట్టవచ్చును. ఆ నోరు మనదే.