మా ఆయన ఐపీ పెట్టిండు, ఇద్దరి పేరు మీద హోమ్ లోన్ వస్తదా?

ఈ నెలలో ఒకే ప్రశ్న నాకు మూడు ఇళ్ల నుంచి వచ్చింది. గజ్వేల్ నుంచి ఒకరు, దుబ్బాక నుంచి ఒకరు, మన సిద్దిపేట టౌన్‌లోనే ఒకరు. "అన్నా, మా ఆయన ఇంతకుముందు ఐపీ పెట్టిండు. ఇప్పుడు ఇద్దరం కలిసి ఇంటి లోన్‌కి పెట్టుకుంటే వస్తదా?" ముగ్గురూ గొంతు తగ్గించే అడిగారు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ఒక మాట ముందే చెప్తా. నేను లోన్ ఫైళ్లు తయారు చేసేవాణ్ని, లాయర్ని కాదు. కోర్టులో కేసు ఉన్నవాళ్లు వకీలు సాబ్‌ని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: ఐపీ అంటే మీ ఫోన్ ఐపీ అడ్రస్ కాదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్. దివాలా పిటిషన్ అన్నమాట. ఎరువుల షాపు మునిగింది, చిట్టీ ఎత్తేసినోడు పారిపోయాడు, పత్తి కొని నష్టపోయాడు, ఇంటి ముందు అప్పులోళ్లు. అప్పుడు ఆ మనిషి కోర్టుకు పోయి "నా దగ్గర ఉన్నది ఇంతే, నా అప్పులు ఇన్ని, తీర్చలేను" అని రాసిస్తాడు. ఇది 1920 నాటి చట్టం. పేరు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్. 500 రూపాయల అప్పు తీర్చలేకపోయినా ఈ పిటిషన్ వేయొచ్చు, చట్టంలో అంకె అలాగే ఉంది! 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అంటారు. వచ్చింది. కానీ అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్ నుంచి కంపెనీల అప్పుకు హామీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మనలాంటి మామూలు మనిషి ఇప్పటికీ ఆ పాత చట్టం కిందికే వస్తాడు.

ఇప్పుడు అసలు పాయింట్. "ఐపీ పెట్టిండు" అనే ఒక్క మాట వెనక నాలుగు రకాల పరిస్థితులు ఉంటాయి. పిటిషన్ వేశాడు, ఇంకా నడుస్తోంది. పిటిషన్ వేశాడు, వాయిదాలకు పోలేదు, కొట్టేశారు. కోర్టు దివాలాదారుగా ప్రకటించింది, కానీ డిశ్చార్జ్ రాలేదు. డిశ్చార్జ్ కూడా వచ్చేసింది. ఈ నాలుగింటిలో మీ ఆయనది ఏదో తెలియకుండా బ్యాంకు మెట్లెక్కొద్దు. చాలామందికి తెలియదు, నిజంగా. "కేసు అయిపోయిందన్నా, ఏళ్లయింది" అంటారు. ఏమని అయిపోయింది? అంటే జవాబు ఉండదు. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ ఉంటుంది, ఉచితమే. పార్టీ పేరుతో వెతకండి. పాత కేసైతే సంగారెడ్డి కోర్టుల్లో కూడా చూడండి, ఉమ్మడి మెదక్ జిల్లా రోజుల్లో వేసి ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో దొరకకపోతే ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి కోర్టులో అప్లికేషన్ పెట్టండి.

టౌన్‌లో అడిగిన జంట సంగతి చెప్తాను, పేర్లు వద్దు. ఆమె ప్రైవేట్ ఉద్యోగం, చేతికి 46,000 వస్తుంది. ఆయనకు ఒకప్పుడు షాపు ఉండేది, లాక్‌డౌన్‌లో మూతపడింది, 2021లో ఐపీ. ఇప్పుడు వేరేచోట పని, 18,000. చూసుకున్న ఇల్లు 36 లక్షలు. చేతిలో ఉన్నవి 9 లక్షలు. ఇద్దరి పేరు మీద లోన్, ఇద్దరి పేరు మీద రిజిస్ట్రేషన్ కావాలి. రెండోది ఆమె కోరిక కాదు, అత్తగారి కోరిక. "కొడుకు పేరు లేని ఇంట్లోకి నేనెట్ల వస్త?" అన్నదట.

ఆయన సిబిల్ తీస్తే స్కోరు మరీ ఘోరంగా ఏం లేదు. అప్పులన్నీ ప్రామిసరీ నోట్ల మీద తెలిసినవాళ్ల దగ్గర తెచ్చినవి, అవి సిబిల్‌లోకి రావు కదా. ఆయన మొహం వెలిగింది. "అంటే బ్యాంకుకి తెల్వదు కదా?"

ఇక్కడే ఆగాలి. హోమ్ లోన్ అప్లికేషన్‌లో సంతకం పెట్టే చోట చిన్న అక్షరాల్లో ఒక డిక్లరేషన్ ఉంటుంది. నన్ను దివాలాదారుగా ప్రకటించలేదు, నా మీద అలాంటి కేసు లేదు అని. ఎవరూ చదవరు. దాని కింద సంతకం పెడితే అబద్ధం రాసిచ్చినట్టే. అది బ్యాంకుతో గొడవ. చట్టంతో గొడవ ఇంకోటి ఉంది. డిశ్చార్జ్ రాని దివాలాదారు ఆ విషయం చెప్పకుండా 50 రూపాయలు, అవును యాభై, అంతకన్నా ఎక్కువ అప్పు తీసుకుంటే నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 50 రూపాయలకే అలా ఉంటే 30 లక్షలకు మీరే ఊహించుకోండి.

సరే, బ్యాంకుకు నిజం చెప్పేశారు, ఏదో విధంగా ఒప్పుకున్నారనే అనుకుందాం. అప్పుడైనా ఇద్దరి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయొచ్చా? నన్నడిగితే, డిశ్చార్జ్ రాకముందు వద్దే వద్దు. దివాలాదారుగా ప్రకటించిన రోజు నుంచి డిశ్చార్జ్ వచ్చేదాకా ఆ మనిషికి కొత్తగా ఏ ఆస్తి వచ్చినా అది కోర్టుకో, కోర్టు పెట్టిన రిసీవర్‌కో చెందుతుంది. పాత అప్పులోళ్లకు పంచడానికి. అంటే అత్తగారి మాట విని సగం ఇల్లు కొడుకు పేరు మీద రాయిస్తే, ఆ సగం కొడుక్కి కాదు, రిసీవర్ చేతికి రాసిచ్చినట్టు. ఆమె జీతంతో కట్టే ఈఎంఐ, ఆయన షాపు అప్పులోళ్లకు! ఈ మాట చెప్పాక ఆ రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు కూడా ఇది కొత్త సంగతే.

కాబట్టి లోన్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. రెండూ ఒకే ముడి అనుకుంటారు మనవాళ్లు. మామూలుగా బ్యాంకు పద్ధతి ఏంటంటే, ఇంటి పత్రాల్లో పేరున్న ప్రతి ఒక్కరూ లోన్‌లో ఉండాలి. కానీ లోన్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ పత్రాల్లో ఉండక్కర్లేదు. భార్య ఒక్కతే ఓనర్, ఒక్కతే లోన్ తీసుకునే మనిషి, ఇది పూర్తిగా మామూలే. పెళ్లయినంత మాత్రాన ఇద్దరి సిబిల్ కలిసిపోదు. ఎవరి పాన్ వాళ్లది, ఎవరి స్కోరు వాళ్లది.

ఒక్క మినహాయింపు. ఆమె ఆయన షాపు లోన్‌కి జామీను సంతకం పెట్టిందా? కో-అప్లికెంట్‌గా ఉందా? మన దగ్గర "ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెట్టేస్తాం. ఆ లోన్ ఆగిపోతే ఆమె రిపోర్టులో కూడా కనిపిస్తుంది. అందుకే ముందు ఆమె రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, రిజర్వ్ బ్యాంకు రూల్. "499 కట్టండి, స్కోరు క్లీన్ చేస్తాం" అనే రీల్స్ నమ్మొద్దు. తప్పు ఉంటే మీరే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకే పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఉంది ఈ రూల్.

ఇప్పుడు లెక్క. వడ్డీ 8.5 శాతం అనుకుందాం, 20 ఏళ్లకు లక్షకు దాదాపు 868 రూపాయల ఈఎంఐ. జీతంలో సగం దాకా ఈఎంఐకి ఒప్పుకుంటారనుకుంటే ఆమెకు 23,000, అంటే 26 లక్షల చిల్లర లోన్. ఆయన జీతం కూడా కలిస్తే అర్హత పెరిగి 30 లక్షలు వచ్చేది. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు కాబట్టి అక్కడ అడ్డేం లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం లెక్కన 2 లక్షల 70 వేలు. జాయింట్ అయితే చేతిలో ఉన్న 9 లక్షల్లో పని అయిపోతుంది. ఆమె ఒక్కతే అయితే దాదాపు 3 లక్షల 20 వేలు తక్కువ. చూశారా, జనం ఎందుకు దాచాలనుకుంటారో! ఆశ పెద్దది కాదు, మూడు లక్షల చిల్లర దగ్గర ఉంది.

మేం ఏం చేశామంటే గడువు 25 ఏళ్లకు మార్చాం. లక్షకు ఈఎంఐ 805 దగ్గరికి వచ్చింది, లోన్ 28.5 లక్షల దాకా పెరిగింది. తక్కువ పడింది లక్షా ఇరవై వేలు. అది ఆమె తన గొలుసు మీద తెచ్చుకుంది. ఐదేళ్లు ఎక్కువ వడ్డీ కదా అంటారా, అవును. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌ని వ్యక్తులు ముందే కడితే పెనాల్టీ వేయకూడదు, కాబట్టి బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొంత కొట్టేయడమే. అమ్మానాన్నల్లో ఎవరికైనా పెన్షన్ ఉంటే వాళ్లను కో-అప్లికెంట్‌గా కలుపుకోవడం ఇంకో దారి, వయసు ఎక్కువైతే గడువు తగ్గుతుంది అంతే.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం ఉండాలి, ఇది మర్చిపోవద్దు. డౌన్ పేమెంట్ ఆమె అకౌంట్ నుంచే పోవాలి. పుట్టింటివాళ్లు ఇస్తే క్యాష్ వద్దు, అకౌంట్‌లో వేయమనండి. ఈఎంఐ కూడా ఆమె జీతం అకౌంట్ నుంచే. రేపు ఒక అప్పులోడు కోర్టుకు పోయి "ఇల్లు భార్య పేరు మీద ఉంది గానీ డబ్బు ఆయనదే" అంటే, చూపించడానికి మీ దగ్గర బ్యాంకు స్టేట్‌మెంట్ ఉండాలి. ఆయన డబ్బే తిప్పి ఆమె పేరు మీద దాచే ఐడియా ఉన్నవాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపేయండి, నేను ఆ ఫైల్ ముట్టుకోను. ఐపీ పెట్టే ముందు ఉన్న ఆస్తి భార్యకు రాసేసి తర్వాత కోర్టుకు పోయినా, ఆ రాత రెండేళ్ల లోపుదైతే రిసీవర్ రద్దు చేయించొచ్చు.

ఇక ఆయన సంగతి. డిశ్చార్జ్ దానంతట అది రాదు. కోర్టు ఇచ్చిన గడువులో దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులోళ్లు మళ్లీ తలుపు తడతారు. "అయిపోయింది" అనుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే ఉన్నారు. దరఖాస్తు పెట్టినా, అప్పులకు కనీసం రూపాయికి ఎనిమిది అణాల ఆస్తి లేకపోతే, ఆ పరిస్థితి తన తప్పు వల్ల రాలేదని కోర్టుకు చూపించాలి. లాక్‌డౌన్‌లో మూతపడ్డ షాపు లెక్కల పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు ఉంటే బయటికి తీయండి. ఆయన ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు.

కోర్టు దాకా పోకుండా బ్యాంకు అప్పు సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లకు ఇంత చిక్కు లేదు. సెటిల్డ్ అని రిపోర్టులో పడుతుంది, మిగిలిన డబ్బు కట్టి క్లోజ్డ్‌గా మార్పించుకుంటే మంచిది. రైట్ ఆఫ్ అంటే మాఫీ అనుకోకండి, బ్యాంకు తన పుస్తకంలో రాసుకున్న మాట అది, మీ బాకీ అలాగే ఉంటుంది.

అత్తగారి సంగతి అడుగుతారని తెలుసు. ఆమెకు నేనేం చెప్పలేదు, కొడుకే చెప్పాడు. "అమ్మా, నా పేరు పెడితే సగం ఇల్లు అప్పులోళ్లది అయితది" అన్నాడట. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రిజిస్ట్రేషన్‌కి మంచి రోజు చూడమని పంతులు గారికి ఫోన్ చేసింది. డిశ్చార్జ్ వచ్చాక ఆయన పేరు కలపాలా వద్దా అన్నది వాళ్లిద్దరూ అప్పుడు తేల్చుకుంటారు.

మీ కేసు ఆ నాలుగింటిలో ఏదో కనుక్కుని, ఆర్డర్ కాపీ చేతిలో పెట్టుకుని అడగండి, చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో గ్రామ పంచాయతీ లేఅవుట్ ప్లాటు మీద బ్యాంకులు లోన్ ఎందుకు ఇవ్వవో మాట్లాడుకుందాం. ఉంటా మరి.