ట్రాలీ బరువు, బ్రేకు బలం



శామీర్‌పేట వైపు నుండి బొల్లారం మీదుగా రాజీవ్ రహదారిపై వడ్ల ట్రాలీతో వస్తున్నారనుకుందాం. 40 కిలోల బస్తాలు 100 వేశారు. అంటే 4 టన్నులు. ట్రాలీ సొంత బరువు వేరే. ముందున్న ట్రాక్టరు చూస్తే సుమారు 2 టన్నులు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. ఇంత బరువునూ ఆపవలసినవి ట్రాక్టరు వెనక చక్రాలు రెండే.

"మా ట్రాక్టరు ఇంతకన్న ఎక్కువే లాగిందండీ" అంటారు మీలో కొందరు. లాగుతుంది, కాదనను. చిక్కంతా ఆపేటప్పుడే.

పల్లం దిగేటప్పుడు డీజిలు కలిసివస్తుందని గేరు తీసేసి వదిలేవారున్నారు. మిగిలేది గ్లాసెడు డీజిలు. ఇంజను పట్టు తప్పిందంటే ట్రాలీయే ట్రాక్టరును తోస్తుంది. ఎక్కడానికి ఏ గేరు వేస్తామో దిగడానికీ అదే వేయాలి, అదీ పల్లం మొదలు కాకముందే. క్లచ్చి తొక్కరాదు. పొలంలో మడి తిప్పడానికి విడదీసిన రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కే ముందు కొక్కెంతో కలిపేయండి. మరచిపోతే ఒక్క చక్రమే ఆగి, బండి అడ్డం తిరుగుతుంది. మలుపులో గట్టిగా బ్రేకు కొట్టినా అంతే. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి.

బస్తాలు వేయడం ఎద్దుబండి తోలినవారికి చెప్పనక్కరలేదు. వెనక బరువెక్కువైతే కాడి లేచి ఎద్దుల గొంతు బిగుసుకునేది గదా! రెండు చక్రాల ట్రాలీకీ అదే లెక్క. ఇరుసుకు కాస్త ముందువైపు మొగ్గు ఉండాలి. లేకుంటే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు నింపితే ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. కొక్కెం పిన్నుకు క్లిప్పు పెట్టండి, ఇనుప మేకు వంచి సరిపెట్టకండి. విడిగా ఒక గొలుసు కూడా కట్టండి.

బస్తాల మీద కూలీలను ఎక్కించవద్దు. అలసిపోయారు పాపం అని జాలిపడితే వేరే బండి మాట్లాడండి. చీకటి పడితే ట్రాలీ వెనక ఎర్రని మెరుపు బిళ్ళలు రెండు వైపులా కనబడాలి. వెనక వచ్చే లారీవాడికి బస్తాల గుట్ట కనబడదు.

విస్తరణ అధికారులకొక మాట. మాటలతో చెప్పేకన్న, ఊరి బయట ఖాళీ జాగాలో ట్రాలీ ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి నెమ్మదిగా తోలించి బ్రేకు వేయించండి. ఆగిన దూరాన్ని రైతుచేతనే అడుగులతో కొలిపించండి.