సంతకము పెట్టువాని యూరు

పట్టాల కొరకు నిలిచిన మీ చూపులు నా గడియారముమీదనే యున్నవి.

1980లో నేను కృష్ణాతీరమందలి యొక తాలూకా కచేరీలో గుమాస్తాగా కుదిరితిని. ఒకనాడు ఒక కౌలురైతు భార్య, కొంగున ముడివేసిన యర్జీని విప్పి, తాము సాగుచేయుచున్న యెకరము అడంగలులో తమపేర నెక్కలేదని విన్నవించుకొనెను. ఆ యూర భూస్వామియు కరణమును ఒకే యరుగుపై తాంబూలము వేసికొనువారు గనుక అచట నామె మాట సాగదు; కచేరీకి రావలెనన్న తెల్లవారుజామున బయలుదేరి ఒకనాటి కూలిని వదలుకొనవలెను. దూరమును కలవారు మైళ్ళతో కొలతురనియు, లేనివారు కూలితో కొలతురనియు నాకు నేర్పినది ఆమెయే.

1984 జనవరిలో కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులు రద్దయినవి. మరుసటియేట తాలూకాలను చీల్చి వేయికి మించిన మండలములను నెలకొల్పిరి. నన్నును మండల కార్యాలయమునకు మార్చిరి. ఒక మధ్యాహ్నము, కొడవలి మొలను దోపుకొనియే ఆమె వచ్చి, "సంతకం పెట్టే అయ్య ఏ ఊళ్ళో ఉంటాడు బాబూ?" అని యడిగెను. ప్రక్కగదిలోనే యనగా నమ్మలేదు. పని ముగించుకొని తిరిగి కోతకు పోయెను.

రాజ్యము చేరువకు జరిగినంతనే వర్గముల బలాబలములు తారుమారైనవని పొంగిపోయిన నా యమాయకత్వమును మన్నింపుడు. ఆ భూస్వామి మా గుమ్మము త్రొక్కుట మానెను. పెద్దకుమారుడు మండలాధ్యక్షుడాయెను, చిన్నవాడు హైదరాబాదులో కంట్రాక్టులు పట్టెను. పేదవాడు మెట్టెక్కునప్పటికి పెత్తనము మేడ యెక్కినది. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణము స్త్రీలకు మూడవవంతు స్థానములనిచ్చి, పంచాయతీలకు తగిన 29 విషయములను జాబితాగా వ్రాసి, వానిని అప్పగించుటను మాత్రము రాష్ట్ర శాసనసభల యిష్టమునకు విడిచినది. సర్పంచియైన స్త్రీ వీధిదీపమునకు సయితము పైవారి మంజూరుకై కాచుకొనుటను పదవీవిరమణ దాక చూచితిని.

నాయనలారా, అమ్మలారా! అమెరికా యెన్నికలలో ఏ రాష్ట్రమునకెన్ని యోట్లో మీకు కంఠస్థము. మీ వార్డు సభ్యుని పేరడిగినచో మొగమొగములు చూచుకొందురు. గ్రామసభకు పోయినవారు చేతులెత్తుడు... వలదు, దింపుడు, వెనుకవరుసలోని మీ తలిదండ్రుల చేతులును లేవలేదు.

సెలవులకు ఇంటికి పోయినపుడు, మీ వీధికాలువకు సొమ్ము మంజూరుచేసిన కాగితమును పంచాయతీలో అడిగి చూడుడు. క్రిందనున్న సంతకము ఏ యూర పడినదో కనుగొనుడు. అక్షరము రాని యామె అడిగిన ప్రశ్నను పట్టభద్రులు అడుగుటకు సిగ్గుపడవలదు.