కొన్న పాట, ఎరువు పాట



గత కార్తికమాసమున మా యింట నా భార్య ఆబ్దికము జరిగినది. ఆమె బ్రతికియున్నంత కాలము ప్రతిదినమును ఉదయమున దీపము పెట్టి, ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గీతాశ్లోకములు వినుచుండెడిది. ఆనాటి సాయంకాలము బంధువులు కూడియున్నపుడు ఆ శ్లోకములను మరల వినవలెనని నాకు తోచినది. మా అబ్బాయి తన సెల్‌ఫోను తీసి, "ఒక్క నిమిషము, నాన్నగారూ" అనెను. ఆ నిమిషము పది నిమిషములైనది. నెలకింత యని రుసుము చెల్లించి పాటలు వినెడి యేర్పాటు వానికి కలదు. ఆ నెల బ్యాంకునుండి రుసుము ముట్టలేదట. ముందుగానే డౌన్‌లోడు చేసి ఫోనులో దాచుకొన్న పాటల పేర్లన్నియు వరుసగా కనబడుచునే యున్నవి. పలుకుమనిన నొక్కటియు పలుకదు.

నేను లేచి అటకమీది పెట్టె దింపించితిని. అందు మా తండ్రిగారు కొన్న గీత రికార్డు కలదు. ఘంటసాలవారు 1974లో స్వర్గస్థులైన పిమ్మట వెలువడిన నల్లని ఎల్.పి. రికార్డది. ఆమె పోయిన తరువాత దానిని తిప్పినవారు లేరు. దుమ్ము తుడిచి, ప్లేయరుమీద నుంచి, ముల్లు దింపగా కొంతసేపు చిటపటలాడినది. పిదప ఆ కంఠము వినవచ్చినది. ఆ ప్రక్క ముగియువరకు ఎవ్వరును మాటాడలేదు.

భోజనములైన తరువాత మా అబ్బాయి యడిగిన ప్రశ్నయే ఈనాటి నా ప్రసంగమునకు మూలము. "నాన్నగారూ, నేనును డబ్బిచ్చియే కదా తెచ్చుకొన్నాను. అది నాది కాకపోవుటేమి?"

బాల్యమున గురువుగారియొద్ద చదివిన ధర్మశాస్త్రము ఇంతకాలమునకు అక్కఱకు వచ్చినది. తెలుగుదేశమున ఆస్తి పంపకములకు ప్రమాణమైయుండిన మితాక్షరయందు విజ్ఞానేశ్వరుడు స్వత్వమనగా నేమి యని పెద్ద చర్చయే చేసెను. ఇది నాది, అది నీది యనునది లోకవ్యవహారమువలననే తెలియవలెనని ఆయన సిద్ధాంతము. వస్తువును తన యిష్టానుసారముగా వినియోగించుకొనుటకు గల యోగ్యతయే స్వత్వమని తార్కికులందురు. మనవంటివారికి సులభముగా చెప్పవలెనన్నచో, దానిని అమ్ముకొనవచ్చునా, ఇరుగుపొరుగువారికి ఎరువియ్యవచ్చునా, మనము పోయిన తరువాత బిడ్డలకు చెందునా యని అడిగి చూడవలెను. కాదన్నచో అది యాచితకమే. యాచితకమనగా పెండ్లికి పెట్టుకొనుటకై అడిగి తెచ్చిన నగవంటిది. మెడలో నున్నంతసేపు అందముగానే యుండును. మా అబ్బాయి పాటలు అట్టివి. పైగా బాడుగ కట్టి తెచ్చినవి. ఎరువు సొమ్ము బరువు చేటని మన ఆడువారు ఊరక అనలేదు.

రికార్డు మొదటినుండియు చేతికందెడి వస్తువు. బెర్లినర్ అను నాతడు 1887లో బల్లపరుపు రికార్డు విధానమును కనిపెట్టెను. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ అను గాయని పాటలను రికార్డులపై నెక్కించిరి. ఆనాటి రికార్డులకు ముఖ్యమైన సరకు లక్క; అది మన దేశపు అడవులలోని చెట్లకొమ్మలపై పురుగులు పెట్టినదే. నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి ఆ రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు పైన కొంచెమే పాడెడిది. చేయి జారినచో పెంకుముక్కలే. అయినను నాటకములలోని పద్యములు పల్లెలకు ఆ రికార్డులమీదనే వచ్చినవి. గ్రామఫోను గలవారు దానిని అరుగుమీద పెట్టినచో వాడవారందఱును వచ్చి వినెడివారు. వారిని పైకము కట్టినారా యని ఎవరడిగిరి?

1948లో నిమిషమునకు ముప్పదిమూడుంబావు చిల్లర చుట్లు తిరుగు ఎల్.పి. వచ్చినది. 1982లో 12 సెంటీమీటర్ల వెడల్పు గల సీ.డీ. బిళ్ల వచ్చినది. ఇందు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసెదరు. పాట అంకెలైన వెనుక దానికి బిళ్లయు అక్కఱలేకపోయినది. 2003లో ఆపిల్ సంస్థ అమెరికాలో పాట యొక్కింటికి 99 సెంట్లు పుచ్చుకొని కంప్యూటరులోనికే పంప మొదలుపెట్టెను.

చిక్కు ఇక్కడ వచ్చినది. అట్లు అమ్మిన పాటలకు తాళము వేసి పంపెడివారు; తాళపుచెవి అంగడివాని యొద్దనే యుండెడిది. 2008లో యాహూ సంస్థ తన పాటల అంగడి మూసినపుడు, చెవులిచ్చు యంత్రములనుగూడ నిలిపివేయుట తటస్థించినది. కొన్నవారు ఆ పాటలను క్రొత్త కంప్యూటరులోనికి మార్చుకొనుటకు వీలులేకపోయెను. పరిహారమిచ్చెదమని ఆ సంస్థ ప్రకటించిన మాటయు నిజమే. 2009లో ఆపిల్ సంస్థ తన పాటలకు తాళములు తీసివేసినది.

న్యాయస్థానముల మాట వినుడు. అమెరికాలో ఒక ప్రకాశకుడు తన నవలను డాలరుకంటె తక్కువకు ఎవ్వరును అమ్మరాదని పుస్తకముమీదనే అచ్చు వేయించెను. ఒకసారి అమ్మిన పుస్తకముపై అట్టి అధికారము చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1908లో తీర్పు చెప్పెను. డౌన్‌లోడు చేసిన పాటలను అట్లే మరల అమ్ముకొనుటకు ఒక సంస్థ పూనుకొనగా, 2018లో న్యూయార్కులోని అప్పీలు కోర్టు కూడదనెను. పాట ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు పోవుటలో క్రొత్త ప్రతి పుట్టుచున్నది. ప్రతి చేయుటకు కొన్నవానికి హక్కు లేదని వారి వాదము. మా తండ్రిగారి రికార్డు నా చేతికి వచ్చుటలో ఏ ప్రతియు పుట్టలేదు.

ఇంతమాత్రమున డౌన్‌లోడును తెగడుట నా యభిప్రాయము కాదు. ఎన్నియేండ్లుగానో దొరకని నాటకపద్యములు నేను సెల్‌ఫోనులోనే విన్నాను. చూపు మందగించినవారికి నోటిమాటతోనే పాట పలికించుకొనుట ఎంత మేలు! తాళము లేని పాటను కొని, రెండుచోట్ల భద్రపఱచుకొన్నచో అదియు ఇంచుమించు మన సొత్తే. నా తగవు నెలబాడుగను కొనుగోలని భ్రమించుటతోనే. 2017లో సారెగమ సంస్థ అయిదువేల హిందీ పాటలు నింపి అమ్మిన పెట్టె ముసలివారి యిండ్లలో చొరబడినదన్నచో, చేతితో పట్టుకొనదగిన వస్తువగుటయు ఒక కారణమని నా యనుమానము. అమెరికాలోనే 2022లో 4 కోట్ల 10 లక్షల ఎల్.పి. రికార్డులు అమ్ముడుపోగా, సీ.డీ.లు 3 కోట్ల 30 లక్షలే పోయినవి. 1987 తరువాత రికార్డులు సంఖ్యలో సీ.డీ.లను మించుట అదియే మొదలు.

అన్నియు కొననక్కఱలేదు. మనుమలు వినవలెనని మీకు తోచినవి నాలుగైదు కొనుడు. అట్టమీద పాట వ్రాసినవారి పేరు, మృదంగము వాయించినవారి పేరు ఉన్నవేమో చూచి కొనుడు. ఫోనులో తఱచు గాయకుని పేరుతోనే సరిపెట్టుచున్నారు. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక, ఎండ తగులనిచోట నిలువుగా నుంచవలెను. 78 చుట్ల రికార్డు ముల్లు ఎల్.పి.పై పెట్టరాదు. ఉక్కుముల్లయినచో ప్రక్కకొకటి మార్చవలెను. సీ.డీ.ని చుట్టును రుద్దక, నడుమనుండి అంచునకు మెత్తని గుడ్డతో తుడువవలెను. వెండివలె మెఱయు పొర చెడినచో అదియు మూగవోవును.

ఆబ్దికమునకు మఱునాడు రామాలయపు అర్చకులు వచ్చి, "మాష్టారూ, ఏకాదశికి ఆ గీత రికార్డు ఇప్పింపుడు" అనిరి. ప్లేయరుతో సహా ఇచ్చి పంపితిని. ఏకాదశి గడచి చాలదినములైనది, ఇంకను తిరిగి రాలేదు. రేపు మా అబ్బాయిని పంపవలెను.