తల్లికి ఏ పుస్తకము నీయవలెను?



తల్లికి కానుక యనగానే మన గుంటూరు, ప్రకాశము సీమలలో మొదట తలపునకు వచ్చునది చీర. కొడుకు తొలి జీతమందగానే తల్లికి చీర కొనును. కూతురు సంక్రాంతికి పుట్టింటికి వచ్చుచు చీర తెచ్చును. ఇది చక్కని ఆచారము. దీనిని మానుడని నేను చెప్పబోవుట లేదు. చీరతోపాటు ఒక పుస్తకమును కూడ తీసికొనిపోవుడని మాత్రమే నా మనవి. అయితే ఏ పుస్తకము? చీర కొనునప్పుడు అంచు చూతుము, రంగు చూతుము, అమ్మకు నప్పునా యని పదిమార్లు విప్పించి చూతుము. పుస్తకము విషయమున ఆ శ్రద్ధలో నాల్గవ వంతైనను చూపము.

సాధారణముగా తల్లి చేతిలో పెట్టు పుస్తకములు రెండు రకములు. ఒకటి వంటల పుస్తకము. రెండవది వ్రతకథలదో, స్తోత్రములదో. ఈ రెంటిని నేను తక్కువ చేయుట లేదు. మాలతీ చందూర్‌గారి 'వంటలు-పిండివంటలు' కొత్తగా కాపురము పెట్టిన ఎందరికో పెద్ద ఆసరా యైనది. కాని నలువది యేండ్లు పొయ్యి యెదుట నిలిచిన తల్లికి వంటల పుస్తకము కానుకగా నిచ్చుట, దుక్కి దున్ని యింటికి వచ్చిన రైతునకు నాగలి బహూకరించుట వంటిది. అదే విధముగా, అడుగకుండనే స్తోత్రముల పుస్తకమిచ్చుట, "అమ్మా, ఇక నీకీ లోకముతో పని తీరినది" అని మర్యాదగా చెప్పుట వంటిది. ఒక పుస్తకము ఆమెను వంటయింటికి పంపును. మరియొకటి దేవుని గదికి పంపును. ఆ రెండు గదుల నడుమ ఒక మనిషి యున్నదన్న సంగతిని మనము మరచిపోవుదుము.

ఆ మరపును గూర్చి మన సీమ రచయిత్రి ఒకరు మంచి కథ వ్రాసినారు. 1940లో గుంటూరు జిల్లా కొలకలూరులో జన్మించిన పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' అను కథ అది. ఒక ఇల్లాలు ఇల్లలుకుచు, ముగ్గులు పెట్టుచు, ఇంటినే లోకముగా చేసికొని, ఒకనాడు తన పేరేమో జ్ఞాపకము రాక నిలిచిపోవును. ఇంటిలోని వారి పిలుపులలో ఆ పేరు లేదు. ఇరుగుపొరుగు వారికి ఆమె ఫలానావారి భార్య. కడకు బడిలో తనతో చదివిన స్నేహితురాలు పేరు పెట్టి పిలిచి, నీవు చదువులో ముందుండెడిదానవు, పాడెడిదానవు, బొమ్మలు వేసెడిదానవు అని గుర్తు చేయును. ఆ పేరు శారద.

శారద యనగా చదువుల తల్లి. ఈ పేరు మన ప్రాంతమున ఊరక వినబడినది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో గుంటూరున స్త్రీల చదువు కొరకు నెలకొల్పిన సంస్థకు 'శారదా నికేతనము' అని పేరు పెట్టిరి. బాపట్లలో 1896లో జన్మించిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు 'గృహలక్ష్మి' పత్రికలో శారద యను స్త్రీ తన నెచ్చెలి కల్పలతకు వ్రాసినట్లుగా లేఖలు ప్రకటించిరి. ఒక శారద బడి. ఒక శారద ఉత్తరము వ్రాసిన స్నేహితురాలు. ఒక శారద పేరు మరచిన ఇల్లాలు. ఈ ముగ్గురును మన తల్లులలో ఉన్నారు. తల్లికి పుస్తకము నేరుటలో నేను చెప్పదలచిన మాట ఇంతే: పుస్తకమును 'అమ్మ' అను పదవికి గాక, ఆ పేరు గల మనిషికి ఈయవలెను.

అట్లు నేరుటకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనవలెను. పెండ్లికి ముందు ఆమెకు దేనియం దిష్టము? ఏ తరగతిలో చదువు మానినది? ఎందుకు మానినది? ఏ ఊరు చూడవలెనని కోరి చూడలేకపోయినది? పదిమంది కూడినచోట ఏ మాట వచ్చినప్పుడు ఆమె చేతిలోని పని ఆపి వినును? ఈ ప్రశ్నలకు జవాబు తెలియని కొడుకులును, కూతుళ్లును చాలమంది ఉందురు. పుస్తకము కొనుటకు పోవుటకు ముందు ఒక సాయంకాలము తల్లివద్ద కూర్చుండి వీనిని అడిగినచో, సగము కానుక అప్పుడే ఇచ్చినట్లు.

ఇక కొన్ని ఉదాహరణములు చెప్పెదను.

మాటకారి యైన తల్లి, పదిమంది మంచిచెడ్డలు విచారించు తల్లి యున్నచో, పైన చెప్పిన 'శారద లేఖలు' ఆమెకు తగినవి. ఒక్కొక్క లేఖను ఒక్క కూర్చుండులో చదివి ముగింపవచ్చును. ఆనాటి స్త్రీల చదువు, ఆచార వ్యవహారములు, దేశ సంగతులు ఇరుగమ్మతో పొరుగమ్మ మాటాడినంత సుళువుగా అందులో వచ్చును. ఆ లేఖలు వెలువడిన 'గృహలక్ష్మి'ని 1928లో మద్రాసున స్థాపించిన డాక్టర్ కె. ఎన్. కేసరిగారు ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరు వారు. ఆ పత్రిక పక్షమున రచయిత్రులకు స్వర్ణకంకణ మిచ్చు సంప్రదాయము 1934లో వరలక్ష్మమ్మగారితోనే మొదలైనది. కేసరిగారి స్వీయచరిత్ర 'చిన్ననాటి ముచ్చట్లు' కూడ ఇటువంటి తల్లికి నచ్చును. పల్లె విడిచి మద్రాసు చేరిన పేద బాలుని కథ అది. బిడ్డను దూరదేశమునకు పంపిన ప్రతి తల్లికిని అందులో తన కథ కొంత కనబడును.

పొలము పుట్ర ఎరిగిన తల్లికి 'మాలపల్లి' ఈయవచ్చును. 1922లో వెలువడిన ఈ నవలను ఉన్నవవారు చెరసాలలో వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. గ్రంథము పెద్దదే. కాని కూలి తగవులు, కుల భేదములు, రామదాసు కుటుంబపు కష్టములు పొలము గట్టున నిలిచినవారికి ఒకరు వివరింప నక్కరలేదు. విమర్శకులు పుటలకొలది వ్రాసినదానికంటె, కలుపు తీసిన తల్లి ఆ నవలను చదివి చెప్పు నాలుగు మాటలు విలువైనవి కావచ్చును. ఆమెను అడిగి చూడుడు.

ఊళ్లు చూడవలెనని ఉబలాటపడి, తిరుపతి, శ్రీశైలము దాటి పోలేని తల్లులు ఎందరో. 1930లో గుంటూరున జన్మించిన నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక' అట్టివారికి యాత్ర వంటిది. నవ్వుట మరచిన తల్లికి సోమరాజు సుశీలగారి 'ఇల్లేరమ్మ కతలు' తీసికొనిపొండు. చిన్ననాటి అల్లరి చదువుచు నవ్వు నప్పుడు, ఆ నవ్వులో మీరెరుగని బాలిక యొకతె కనబడును.

భక్తి గ్రంథములనే కోరు తల్లులు లేరా? ఉన్నారు. వారు కోరినచో తప్పక ఈయవలెను. అయితే అప్పుడైనను చవుకబారు అచ్చు, అల్లుకొనిపోయిన అక్షరములు వలదు. పెద్ద అక్షరములతో, తాత్పర్యముతో కూడిన భాగవతమునో, భారతమునో నేరుడు. ఆమె భక్తిని గౌరవించుట యనగా ఆమె కన్నులను కూడ గౌరవించుట.

ఇప్పుడు కష్టమైన మాటకు వత్తము. చదువురాని తల్లికి ఏమి ఈయవలెను? 1951 జనాభా లెక్కల నాటికి మన దేశమున చదువను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిదిమంది కూడ లేరు. 2011 నాటికి ఆ లెక్క నూటికి 64 దాటినది. ఇది గొప్ప మార్పే. అయినను మిగిలినవారిలో వయస్సు మీరిన తల్లులే ఎక్కువ. వారికి పుస్తకము వలదనుట పొరపాటు. మన తాతమ్మలు భారత రామాయణములను చెవులతోనే చదివిరి. 1970లలో ఉషశ్రీగారు విజయవాడ ఆకాశవాణి నుండి పురాణ గాథలు చెప్పునప్పుడు, రేడియో చుట్టు చేరినవారిలో అక్షరము రానివారు ఎందరుండిరో! కనుక చదువురాని తల్లికి పుస్తకమును, దానిని చదివి వినిపించు గొంతును కలిపి ఈయవలెను. మనుమరాలు రోజునకు నాలుగు పుటలు చదివిన చాలును. అవ్వకు కథ, పిల్లకు తెలుగు, ఇద్దరికిని ఒకరి తోడొకరు.

నేర్చుకొనవలెనను కోరిక యున్న తల్లికి వాచకమే మంచి కానుక. చిన్న వాచకమేమి చేయునని తీసివేయకుడు. 1990వ దశకము మొదట నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రి బడులలో అక్షరములు దిద్దిన స్త్రీలు, పాఠములో తమ బ్రతుకునే చూచుకొని, దూబగుంటలో సారాకు ఎదురు నిలిచిరి. ఆ పోరాటము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీ నుండి సారా నిషేధము అమలులోనికి వచ్చినది. దీనిని బట్టి మరియొక సంగతి తెలియుచున్నది. పుస్తకము చీర వంటి కానుక కాదు. చదివినవారు కొత్త ప్రశ్నలు వేయవచ్చును. ఇంతకాలము తలయూపిన చోట తల అడ్డముగా ఊపవచ్చును. పుస్తక మిచ్చువారు అందులకు సిద్ధపడియే ఈయవలెను.

పుస్తకము ఎప్పుడీయవలెను? మన సీమలో ఈ ప్రశ్నకు పంటలే జవాబు చెప్పును. కార్తికము దాటినది మొదలు ప్రత్తితీత. సంక్రాంతి వెనుక మిరపకోత. అటుపైన కళ్లములలో కాయ ఎండబెట్టుట, తాలు ఏరుట. నడుములు పట్టుకొని పోవును; చేతులు భగ్గున మండును. మిరపకాయ ముట్టిన చేతితో కన్ను నులుముకొనుటకే వీలులేని కాలమున పుస్తకమిచ్చి, "చదివితివా?" అని అడుగుట న్యాయము కాదు. ఎండలు ముదిరి కళ్లములు ఖాళీ యైన పిదప, తొలకరికి ముందు కొంత తీరిక దొరకును. మే నెల రెండవ ఆదివారము మాతృదినోత్సవ మని ఇప్పుడు మన పట్టణములలోను జరుపుకొనుచున్నారు. అమెరికాలో అన్నా జార్విస్ అను ఆమె కృషి వలన 1908లో ఇది ఆరంభమై, 1914లో ఆ దేశాధ్యక్షుడు విల్సన్ ప్రకటన వలన దేశమంతటి పండుగ యైనది. తరువాత అది వర్తకుల పండుగగా మారుట చూచి ఆమెయే నొచ్చుకొన్నది. అచ్చువేసిన కార్డు పంపి చేతులు దులుపుకొనుట ఆమెకు నచ్చలేదు. మనమును ఆ మాట గుర్తుంచుకొనవలెను: పుస్తకముతోపాటు తీరికను కూడ ఈయవలెను. ఆ పూట అంట్లు మీరు తోముడు. గేదెకు మేత మీరు వేయుడు. కండ్లజోడు మారి ఎన్నేండ్లైనదో విచారింపుడు. ఒడిలో పెట్టుకొని చదువుటకు బరువు లేని పుస్తకము నేరుడు. పెద్ద గ్రంథమైనచో సంపుటములుగా దొరకునేమో చూడుడు.

కొన్ని మంచి పుస్తకములు అంగళ్లలో దొరకవు. అందులకు మన ప్రాంతమున గ్రంథాలయముల కొరత లేదు. 1918లో స్థాపింపబడిన వేటపాలెము సారస్వత నికేతనమునకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిరి. తెనాలి ప్రాంతపు పెదపాలెమున పాటూరి నాగభూషణముగారు 1935లో కాలువపై పడవ గ్రంథాలయము నడిపిరి. చదువరి పుస్తకమును వెదకికొని రానవసరము లేదు, పుస్తకమే చదువరిని వెదకికొని పోవలెనని ఆ పెద్దల తలంపు. ఆ పడవ పని ఇప్పుడు బిడ్డలు చేయవచ్చును. ఊరి గ్రంథాలయమున తల్లి పేర సభ్యత్వము కట్టి, నెలకొకసారి ఆమెను వెంట తీసికొనిపోయి, తనకు నచ్చిన పుస్తకమును ఆమెనే తీసికొననిచ్చుట అన్నిటికంటె మంచి కానుక. అప్పుడు మన ఎంపికతో పనియే లేదు.

ఇచ్చిన పిదప పరీక్ష పెట్టకుడు. ఎంత చదివితివి, ఏమి తెలిసినది అని అడుగకుడు. చీరవలె పెట్టెలో దాచినను దాచుకొననిండు. ఏదో యొక మధ్యాహ్నము ఆమె దానిని తీయును.

కడపట ఒక చిన్న మాట. పుస్తకము మొదటి పుటపై 'అమ్మకు' అని వ్రాసి ఊరకుందుము. దానిక్రింద ఆమె పేరు కూడ వ్రాయుడు; బడి పుస్తకములో ఎట్లున్నదో అట్లే, పూర్తిగా. బడికి పోని తల్లియైనచో, చిన్నతనమున ఆమెను కన్నతల్లి ఏమని పిలిచెడిదో అడిగి ఆ పేరు వ్రాయుడు. ఆ పేరు వ్రాయుటకు మీ చేయి ఒక్క క్షణము తడబడినచో, ఈ కానుక ఇంకను ముందే ఈయవలసినదని గ్రహింపుడు.